ఎర్రది ఎడమకి, తెల్లది కుడికి

మిల్లు క్వార్టర్స్, ఆరో వరస
సోమవారం

మామయ్యకు,

నువ్వు క్షేమమని తలుస్తాను అంటూ తీరిగ్గా మొదలుపెట్టే ఓపిక ఇవాళ నాకు లేదు. ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేద్దామంటే నీ కుడి చెవి పనిచేయదు, ఎడమ చెవి తనకిష్టమైనవే వింటుంది. పైగా ఫోను ఉన్న గదిలోనే అమ్మ కూర్చుంటుంది. పరుగు మాట ఎత్తితే ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్లిపోతుందని నీకు తెలియనిది కాదు. అందుకే ఉత్తరం.

మిల్లు వెనక కొత్త స్టేడియం కడుతున్నారని రాశాను కదా. అయిపోయింది. గుండ్రంగా ఎర్ర ట్రాక్, ఒక పక్క కూర్చోవడానికి మెట్లు, వాటి మీద నీడకి రేకులు. వచ్చే నెల ప్రారంభోత్సవం. పెద్దపెద్దవాళ్లొస్తారట, వాళ్లకి ఏదో ఒకటి చూపించాలట. మా వెల్ఫేర్ ఆఫీసరు బుర్ర గోక్కుని, ఈ ఏడు ఆడవాళ్ల క్రాస్ కంట్రీ ఆ ట్రాక్ మీదే పెట్టేద్దాం అన్నాడు. పదిహేను చుట్లు. తమాషాకి అంటున్నాడనుకుని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

క్రాస్ కంట్రీ అంటే చేలల్లోంచి, గట్ల మీంచి పోవాలి సార్ అన్నాను. ఆయన సొరుగులోంచి ముందే టైపు చేయించిన సర్క్యులర్ తీశాడు. 'క్రాస్ కంట్రీ అనగా దూరపు పరుగు. ఆరు కిలోమీటర్లకు తగ్గకుండా ఎచ్చట పరుగెత్తిననూ క్రాస్ కంట్రీయే' అని ఉంది అందులో. ఇదెక్కడిదండీ అంటే, "మా అల్లుడు విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. వాళ్లకీ క్రాస్ కంట్రీ ఉంది. ఆకాశంలో గట్లున్నాయా, బురదుందా?" అన్నాడు. గదిలో ఉన్న ఇద్దరు గుమాస్తాలూ ఎంత గొప్పగా చెప్పారన్నట్టు తలలూపారు. అక్కడికక్కడ నాకు జవాబు తట్టలేదు. అసలు మంట అదే.

ఆయనకి నాతో పనేమిటంటే సంతకం. అన్ని మిల్లుల పోటీకి ఈ పరుగులోంచి మేం పంపే ఆరుగురి జాబితా కింద, ఆ పోటీ నడిపే అసోసియేషన్ వాళ్ల ఫారంలో ఒక వాక్యం ఉంటుంది కదా, 'పై పరుగు క్రాస్ కంట్రీ నేల మీద జరిగినదని ధ్రువీకరిస్తున్నాను' అని. దాని కింద పరుగు దారి గీసి జెండాలు పాతినవాళ్ల సంతకం. నువ్వు రిటైరైన నాలుగేళ్లనుంచీ ఆ సంతకం నాది. అది లేకపోతే జాబితా చెల్లదు.

నీ దగ్గర రూల్ పుస్తకం ఉంది. ఆ మాటకి అసలు అర్థమేమిటో, ఎవరెవరు ఎలా వాడతారో విమానాలతో సహా రాసి పంపు. ఆ కాగితం తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెడతాను.

నీ పిచ్చుక

*

స్టేషన్ వెనక వీధి, మేడ మీద గది
శుక్రవారం

పిచ్చుకకు,

పుస్తకం ఉంది. సగం నేను చదివాను, సగం చెదలు చదివాయి. అయినా అందులో ఉన్నది నాకు నోటికొచ్చు.

క్రాస్ కంట్రీ అంటే ఆరుబయట నేల మీద పరుగు. గడ్డి, దున్నిన చేను, దిబ్బ, కాలవ, ఏది అడ్డొస్తే అది. తారు రోడ్డు తగిలితే దాటాలే కానీ దాని వెంబడి పోకూడదు. దారికి ఒక పక్క ఎర్ర జెండాలు, ఇంకో పక్క తెల్ల జెండాలు, అంతవరకే మనిషి చేసే పని. మిగతాది నేల చూసుకుంటుంది. అందుకే ఈ పరుగుకి రికార్డులు రాయరు. ఇవాళ్టి చేను రేపు అదే చేను కాదు, వాన పడితే మరీ కాదు.

ఇక మీ ఆఫీసరుగారి అల్లుడి సంగతి. ఆ కుర్రాణ్ణే అడగమను. విమానం లేచిన మైదానం చుట్టూ పదిహేనుసార్లు తిరిగి అక్కడే దిగితే అతని గురువు దాన్ని క్రాస్ కంట్రీ అని పుస్తకంలో రాయడు. దూరంగా ఉన్న ఇంకో మైదానం వెతుక్కుంటూ పోవాలి, కింద కనబడే ఏరునీ రైలు పట్టాలనీ గుర్తు పెట్టుకుని మళ్లీ రావాలి. మంచు దేశాల్లో కాళ్లకి పొడవాటి చెక్కలు కట్టుకుని పోతారు, అడవుల్లోంచి, ఎత్తుపల్లాల మీంచి, వాళ్లదీ ఇదే మాట. గుర్రాల పందేల్లో ఆ మాటంటే కంచెలు, గుంటలు, నీళ్లు. రోడ్డు వదిలి చేలకడ్డం పడి పోయే జీపుకీ అదే పేరు. వీటన్నిట్లో ఉన్నది ఒక్కటే. బయల్దేరిన చోటు వదలాలి. మధ్యలో ఏ నేల వస్తే ఆ నేల దాటాలి. నీకోసమని దాన్నెవరూ చదును చేసిపెట్టరు. ఉన్నచోటే గుండ్రంగా తిరిగేదాన్ని గానుగెద్దు అంటారు, దానికి అసోసియేషన్ ఫారం అక్కర్లేదు.

ఇదంతా నువ్వు అడిగావు కనక రాశాను. ఇప్పుడు అడగనిది రాస్తాను. ఈ కాగితం ఆయన బల్ల మీద పెట్టకు. సంతకం పెట్టెయ్. ఒక్క ఏడు, ఒక్క పొద్దుటిపూట. పెద్దవాళ్లు చూసి చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు, వచ్చే ఏడు మళ్లీ నీ గట్లు నీకుంటాయి. సూపర్‌వైజర్ ఉద్యోగం చేసుకునేదానివి, పై వాడితో పేచీ ఎందుకు? అమ్మ నీ మీద ఆధారపడి ఉంది. గొడవ చేసి సాధించేదేమీ ఉండదు. నా మాట విను.

మామయ్య

*

ఆరో వరస
మంగళవారం

మామయ్యకు,

నీ ఉత్తరంలో మొదటి పేజీ మామయ్య రాశాడు. రెండో పేజీ ఎవరిచేత రాయించావు?

పన్నెండేళ్లప్పుడు నా భుజాన సున్నం సంచి వేసి ఆరు కిలోమీటర్లు తిప్పిందెవరు? పరిగెత్తేవాళ్ల ముఖం ఎటో నీ ముఖమూ అటే ఉండాలి, ఎర్రది ఎడమకి, తెల్లది కుడికి, వెనక్కి నడుస్తూ జెండా పాతావంటే దారి మొత్తం తలకిందులవుతుంది అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిందెవరు? మిల్లులో నిన్ను సున్నం మామ అనేది చేతికంటిన సున్నం చూసే కదా. ఆ చేత్తోనే ఇది రాశావా?

ఒక్క పొద్దుటిపూటే అంటున్నావు. ఆ ఒక్క పూట ఎవరిదో చెబుతాను. నూలు వడికే మా ఫ్రేముల దగ్గర పొడుగమ్మ అని ఒకామె ఉంది. దారం తెగినచోటల్లా వంగి అతుకుతూ ఫ్రేముల మధ్య తిరగడం ఆమె పని. షిఫ్టు దిగేసరికి పదిహేను కిలోమీటర్లు నడుస్తుంది, నేను ఒకరోజు లెక్కపెట్టాను. ఎనిమిదేళ్లనుంచీ టెంపరరీ. మిల్లు జట్టులో ఉన్న ఆరుగురినీ పర్మనెంట్ చేస్తారన్నది మన పాత రూలు, నీకు తెలుసు. పోయిన ఏడు ఒక్క అడుగులో ఏడోది అయింది. ఈ ఏడాది పొడుగునా షిఫ్టు దిగాక చేలల్లో పరిగెడుతోంది. ఆమెలాంటివాళ్లు పాతికమంది ఉన్నారు. ట్రాక్ మీద పెడితే మేకుల బూట్లున్న ఆఫీసు అమ్మాయిలు వెళ్లిపోతారు, ఇందులో వాళ్ల తప్పేం లేదు. కానీ అన్ని మిల్లుల పోటీ దిబ్బల మీద కదా జరిగేది! అందుకు మనుషుల్ని గచ్చులాంటి నేల మీద ఎంచుతారా?

నీ మొదటి పేజీ మాత్రమే తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. రెండోది చించేశాను.

పిచ్చుక

*

మేడ మీద గది
శనివారం

పిచ్చుకకు,

మోకాలు బాగాలేదు, ఎక్కువ రాయలేను. చించితే చించావు. నీ ఇష్టం.

వచ్చే నెల మొదట్లో అసోసియేషన్ వాళ్లు నన్ను సన్మానిస్తారట, ముప్పై ఏళ్లు దారులు గీసినందుకు. ఒక ప్రశంసాపత్రం, నాలుగు మంచి మాటలు. మీ వెల్ఫేర్ ఆఫీసరు ఇప్పుడు ఆ కమిటీలో ఉన్నాడు, నా పేరు ఆయనే ప్రతిపాదించాడని నిన్ననే తెలిసింది. మనిషి అంత చెడ్డవాడేం కాదేమో. అమ్మకి ఈ సంగతి చెప్పకు.

మామయ్య

*

ఆరో వరస
గురువారం

మామయ్యకు,

ఇవాళ ఆఫీసరు పిలిపించాడు. నీ పేజీ ఆయన ముందే ఉంది. బాగా రాశాడమ్మా మీ మామయ్య, చక్కటి దస్తూరీ అన్నాడు. తర్వాత అలమరలోంచి పాత రిజిస్టరు తీశాడు, గుర్తుకి కాగితం ముక్క కూడా పెట్టి ఉంచాడు. ఇరవై ఎనిమిదేళ్ల కిందటిది. నా వైపు తిప్పి చదవమన్నాడు.

'ఆడవారి క్రాస్ కంట్రీ, ఆరు కిలోమీటర్లు. మిల్లు గేటు నుండి నీళ్ల ట్యాంకు వరకు రోడ్డుపై, మూడు మార్లు. క్రాస్ కంట్రీ నేల మీద జరిగినదని ధ్రువీకరిస్తున్నాను. ఫిర్యాదులు లేవు.' కింద నీ సంతకం. ఇప్పుడు ఎంత చక్కగా ఉందో అప్పుడూ అంతే చక్కగా ఉంది.

"తారు రోడ్డు మీద మీ మామయ్య పెట్టగా లేనిది ట్రాక్ మీద నేను పెడితే వచ్చిందా?" అన్నాడు. మామయ్యా, ఆయన ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి నేరుగా అమ్మనే అడిగాను. బట్టలు మడతపెడుతోంది. ఆ ఏడాది నువ్వు పరిగెత్తావా అన్నాను. చేతిలో ఉన్న తువ్వాలు మడత విప్పి మళ్లీ మడతపెట్టింది. రెండో చుట్టు దాకా, అంది. తర్వాత? ఏముంది, మధ్యాహ్నపు తారు, చెప్పుల్లేవు, అరికాళ్లు లేచిపోయాయి అంది. నిన్న వాన పడిందని చెప్పినంత మామూలుగా.

నాకప్పుడు ఐదేళ్లు. అమ్మ కాళ్లు తొట్టెలో పెట్టుకుని కూర్చోవడం గుర్తుంది. కాళ్ల మీద వేడినీళ్లు ఒలికాయని నాతో చెప్పింది నువ్వు. నువ్వే మామయ్యా. ఇంకేం దాచావో కూడా ఇప్పుడే రాసెయ్, మళ్లీ మళ్లీ వినే ఓపిక లేదు.

పిచ్చుక

*

మేడ మీద గది
ఆదివారం

పిచ్చుకకు,

రాస్తాను. మధ్యలో నీళ్లు నమలను.

అప్పుడు నేను దారులు గీయడం మొదలుపెట్టి ఆరేళ్లు. అప్పటి మేనేజరు పిలిచి, అతిథులు గేటు దగ్గర కుర్చీల్లో కూర్చుంటారు, వాళ్లకి కనబడేలా రోడ్డు మీద పెట్టు అన్నాడు. నేనూ నీలాగే మాట్లాడాను, ఒక ఐదు నిమిషాలు. తర్వాత ఆయన, నీకు ఈ పనిలో విసుగొచ్చినట్టుంది, మళ్లీ గోడౌనుకి పోతావా అన్నాడు. పత్తి బేళ్లు మోసే పని. నేను సరేనన్నాను.

మీ అమ్మ అప్పటికి మూడేళ్లుగా వరసగా మొదటిది. బురదలో దాన్ని పట్టుకునే మనిషి లేదు. చెప్పుల్లేకుండా పరిగెత్తేది, దున్నిన చేలో దానికి అవసరం లేదు కూడా. ముందురోజు నా దగ్గరికొచ్చి రోడ్డు మీద వద్దు అన్నయ్యా అంది. ఒక్కసారే కదా, సర్దుకోవే అన్నాను. నీకు రాసిన మాటే అది, అప్పటినుంచీ నా నోట్లోనే ఉండిపోయింది. పొద్దున జెండాలు పాతుతుంటే చూసి, "రోడ్డుకి జెండాలెందుకు? ఎటు తప్పిపోతాం?" అంది. నవ్వుతూనే అంది. ఇటు గోడ, అటు మురిక్కాలవ, వాటి మధ్య తారు మీద నేను వరసగా ఎర్రదీ తెల్లదీ పెట్టుకుంటూ పోయాను. అంత సిగ్గుమాలిన పని జన్మలో ఇంకొకటి చేయలేదు.

అతిథులు ఆలస్యంగా వచ్చారు. పరుగు మిట్టమధ్యాహ్నం మొదలైంది. రెండో చుట్టులో గేటు మలుపు దగ్గర మీ అమ్మ పడిపోయింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్లి లేవదీశాను. అరికాళ్లు చూడలేకపోయాను. ఇంటికి మోసుకొచ్చాక నీతో వేడినీళ్లని అబద్ధం చెప్పాను. సాయంత్రం రిజిస్టరులో ఫిర్యాదులు లేవు అని రాశాను. మీ అమ్మ మళ్లీ పరిగెత్తలేదు. నాతో మాట్లాడుతుంది, అన్నం పెడుతుంది, పరుగు మాట మాత్రం రానివ్వదు.

తర్వాత ఇరవై నాలుగేళ్లు ఒక్క దారిలో కూడా తారు తగలనివ్వలేదు. నీకు అంత గట్టిగా నేర్పింది అందుకే. నిన్ను సంతకం పెట్టెయ్ అన్నదీ అందుకే. నువ్వు ఎదురు తిరిగితే వాళ్లు ఈ రిజిస్టరు తీస్తారని నాకు తెలుసు. నీ ఉద్యోగం గురించి కాదు, నా పరువు గురించే రాశాను ఆ రెండో పేజీ. చించి మంచిపని చేశావు.

మామయ్య

*

ఆరో వరస
బుధవారం

మామయ్యకు,

నీ ఉత్తరం అమ్మకి ఇచ్చాను. రెండుసార్లు చదివి, కవరులో పెట్టి, నాకు తిరిగిచ్చేసింది.

నేను సంతకం పెట్టను. ఆయనతో ఆ మాట ఇవాళే చెప్పాను. ట్రాక్ మీద ఎన్ని చుట్లయినా తిప్పుకోండి సార్, దూరపు పరుగని రాయండి, చప్పట్లు నేనూ కొడతాను, క్రాస్ కంట్రీ అని మాత్రం నా చేత రాయించలేరు అన్నాను. చేలు మిల్లువి కావు, మన పాలాయనవి. ఆయన్ని అడిగితే నా గేదెలకి అభ్యంతరం లేకపోతే నాకూ లేదన్నాడు. ప్రారంభోత్సవం రోజే, అదే వేళకి అక్కడ పెడుతున్నాను.

నువ్వు వెళ్లి నీ ప్రశంసాపత్రం తెచ్చుకో.

పిచ్చుక

*

మేడ మీద గది
సోమవారం

పిచ్చుకకు,

వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, గొప్ప కోసం కాదు.

హాల్లో వందమంది దాకా ఉన్నారు. వేదిక మీద మీ ఆఫీసరు నా పక్క కుర్చీలోనే. కూర్చోగానే నా చెవి దగ్గరికి వంగి, మీ మేనకోడలికి కాస్త బుద్ధి చెప్పండి అనో ఏమో అన్నాడు. పాపం, కుడి చెవిలో చెప్పాడు. తర్వాత ప్రశంసాపత్రం చదివారు. ముప్పై ఏళ్లలో ఒక్క ఫిర్యాదు కూడా లేని మనిషి అని ఉంది. చప్పట్లయ్యాక మైకు ఇచ్చారు.

నాకు ఉపన్యాసాలు రావు. "ఫిర్యాదు ఒకటి ఉంది. చేసింది నా చెల్లెలు. నేను రాసుకోలేదు," అన్నాను. ఆ ఏడాది, ఆ రోడ్డు, ఆ రిజిస్టరు, అన్నీ చెప్పాను. అది క్రాస్ కంట్రీ కాదని, నా సంతకం అబద్ధమని, దాన్ని చూపించి ఇంకెవరి చేతా సంతకం పెట్టించవద్దని చెప్పాను. ఈ మాటలే ముందుగా రాసి పెట్టుకున్న కాగితం అసోసియేషన్ సెక్రటరీ చేతికిచ్చాను, ప్రశంసాపత్రం బల్ల మీద వదిలేశాను. మీ ఆఫీసరు తన బూట్ల వంక చూసుకుంటున్నాడు.

సెక్రటరీ ఒకప్పుడు ఇనపగుండు విసిరిన మనిషి, ఇప్పటికీ భుజాలు అలాగే ఉన్నాయి. కిందకి దిగాక నన్ను పక్కకి పిలిచింది. తిడుతుందనుకున్నాను. "కాగితం ఫైల్లో పెడతాను. దారి గీసిన మనిషి సంతకం లేకుండా మీ మిల్లునుంచి ఏ జాబితా వచ్చినా తీసుకోను," అంది. అంతే, వెళ్లిపోయింది.

బస్సు దొరక్క నడిచి వచ్చాను. నీ పరుగుకి వద్దామనే ఉంది కానీ, పిలవకుండా మీ అమ్మ ముందుకి ఎలా వచ్చేది? జెండాలు జాగ్రత్త.

మామయ్య

*

ఆరో వరస
శనివారం

మామయ్యకు,

అయిపోయింది. మొదటినుంచీ చెబుతాను, తొందరపెట్టకు.

ముందురోజు సాయంత్రం వెళ్లేసరికి స్టోరుకి తాళం. జెండాలు, సున్నం అన్నీ లోపలే. ఆఫీసరు హుకుం. చేలల్లోకి పోయినవాళ్లకి ఆరోజు గైర్హాజరు వేస్తామని నోటీసు కూడా అంటించాడు. ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాను. అమ్మ మంచం మీంచి ఎర్ర దుప్పటి లాగింది, పెట్టెలోంచి తెల్లది తీసింది, కత్తెర పట్టుకుని కూర్చుంది. ఎన్ని కావాలి అంది. ఎనభై అన్నాను.

పొద్దున్నే వెళ్తే మిల్లు వెనక గేటుకీ తాళమే. గేటు పక్కనే కదా బయల్దేరే చోటు. రోడ్డు మీంచి చుట్టూ తిరిగి కాలవ వైపునుంచి చేలోకి దిగాల్సొచ్చింది. టైము లేదు. దిగినచోటే మొదలుపెట్టాను, అంటే ముగింపు నుంచి మొదటికి. ఎర్రది ఎడమకి, తెల్లది కుడికి అనుకుంటూ బుద్ధిగా పాతుకుంటూ పోయాను. నా ఎడమకి మామయ్యా! పరిగెత్తేవాళ్లకి అది కుడి! నువ్వు ఇరవయ్యేళ్లు చెప్పిన తప్పే, సరిగ్గా ఆరోజే చేశాను. నలభై జెండాలు పాతేదాకా నాకు తెలియలేదు.

నీళ్ల బిందె తీసుకుని వెనకే వచ్చిన అమ్మకి తెలిసింది. దున్నిన చేను మలుపు దగ్గర నిలబడి, "ఏమే, వాళ్లని ఎటు పంపుతున్నావు? ఎర్రది కుడికుంది," అంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ చేలో అడుగుపెట్టని మనిషి. చూస్తుండగానే బిందె దించింది, చెప్పులు గట్టు మీద విడిచింది, కొంగు దోపుకుని జెండాలు పీకి మార్చడం మొదలుపెట్టింది. నేను ఒక పక్క, ఆవిడ ఒక పక్క. ఆఖరి జెండాకి ఆవిడే నాకంటే ముందు చేరింది. ఆయాసపడుతూ, దిబ్బ వెనక గుంట పూడ్చేశారే, మా రోజుల్లో నడుంలోతు ఉండేది అని సణిగింది.

పేరిచ్చింది యాభై ఒక్కమంది. ముప్పై నలుగురు చేలోకి వచ్చారు. మిగతావాళ్లని నేనేమీ అనను, గైర్హాజరంటే వాళ్లకి ఏమిటో నాకు తెలుసు. ఆఫీసు అమ్మాయిలు కూడా ఇద్దరొచ్చారు, మేకుల బూట్లతో సహా. గోడ అవతల స్టేడియంలో బ్యాండు వాయిస్తుంటే ఇవతల నేను ఈల ఊదాను.

నువ్వు నన్ను వెక్కిరించేది ఇప్పుడు రాస్తాను. మొదట వచ్చింది టైపిస్టు అమ్మాయి. గచ్చు మీద పెరిగినవాళ్లు బురదలో ఏం పరిగెడతారని నేను నలుగురిలో అన్న మాట నాకే తగిలింది. నోరు మూసుకుని ఆమె చేతికి నీళ్లిచ్చాను. పొడుగమ్మ మూడోది. కాలవలో ఒక బూటు పోయింది, రెండోది తనే విసిరేసి వచ్చేసింది. గీత దాటాక నా భుజం పట్టుకుని ఏడ్చింది. తర్వాత బూటు వెతకడానికి మళ్లీ కాలవలోకి దిగింది.

పాలాయన క్యాను మూత మీద ఫారం పెట్టి సంతకం చేశాను. క్రాస్ కంట్రీ నేల మీద జరిగినదని ధ్రువీకరిస్తున్నాను. కాగితానికి కాస్త బురదంటింది, తుడవలేదు. మన సెక్రటరీ దగ్గర్నుంచి జాబితా అందినట్టు రసీదు నిన్ననే వచ్చింది.

నాకు మెమో కూడా వచ్చింది. ఆటల బాధ్యతనుంచి తప్పించారు. మెమో అందినట్టు సంతకం పెట్టమన్నారు, పెట్టాను, అది నిజమే కనక. వచ్చే ఏడు దారి ఎవరు గీస్తారు సార్ అన్నాను. చూద్దాం అన్నాడు. ఎవరు గీసినా ఈ ముప్పై నలుగురికీ ఇప్పుడు ఏది దారో, ఏది కాదో తెలుసు. వాళ్ల కళ్లు ఎలా కప్పుతాడో నేనూ చూస్తాను.

కింద అమ్మ ఏదో రాస్తానంది. నన్ను చూడనివ్వడం లేదు.

పిచ్చుక

అన్నయ్యకి,
నీ ఉత్తరం చదివాను. అన్నీ నిజమే రాశావు, ఒక్క వాక్యం తప్ప. నేను పడిపోయినప్పుడు నువ్వు పరుగెత్తుకుంటూ రాలేదు. నన్ను లేవదీసింది నూనె కొట్టు ఆవిడ. నువ్వు మలుపులో జెండా పట్టుకుని నిలబడే ఉన్నావు, ఆఖరి మనిషి వెళ్లేదాకా. ఇన్నేళ్లూ నా కోపం రోడ్డు మీద కాదు. ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాయి.

*

మేడ మీద గది
గురువారం

చెల్లాయికి,

నేను కదల్లేదు. నువ్వు పడిపోవడం చూశాను. అతిథులు చూస్తున్నారని జెండా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఇది నా చేత్తో రాసి సంతకం పెడుతున్నాను.

వచ్చే ఏడు ఎవరు దారి గీసినా కాలవ మలుపు దగ్గర ఒక మనిషి కావాలి. నన్ను నిలబెట్టు. ఎవరు పడినా జెండా వదిలేసి వస్తాను.

నీ అన్నయ్య